నలుగురూ ఒకే క్లౌడ్ కంప్యూటర్‌లో డిజైన్ చేయొచ్చా? మా ప్రాజెక్టులో జరిగింది ఇదీ

తమ్ముడూ, ఫైనలియర్ ప్రాజెక్టుకి నలుగురూ నాలుగు ఊళ్ళలో ఉన్నామని, ఇద్దరి ల్యాప్‌టాప్‌లు సాలిడ్‌వర్క్స్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌ని మోయలేకపోతున్నాయని రాశావు. క్లౌడ్‌లో ఒక వర్చువల్ కంప్యూటర్ అద్దెకు తీసుకుని అందరూ అందులోనే పనిచేస్తే కుదురుతుందా అని అడిగావు. కుదురుతుంది. మేం తిరుపతిలో చదివేటప్పుడు అదే చేశాం. కాకపోతే కంప్యూటర్ పంచుకున్నంత మాత్రాన డిజైన్ పంచుకున్నట్టు కాదు. ఆ సంగతి మాకు ఒక షాఫ్టు పాడయ్యాక తెలిసింది.

మాది తోతాపురి కాయల గుజ్జు తీసే చిన్న యంత్రం. నేను తిరుపతి హాస్టల్లో, ఒకడు చిత్తూరులో, ఒకడు మదనపల్లెలో, ఒకమ్మాయి శ్రీకాళహస్తిలో. ఒకే విండోస్ కంప్యూటర్, ఒకే పాస్‌వర్డ్. మొదటి రోజే గొడవ: ఒకరు లాగిన్ అయితే ఇంకొకరు బయటికి పోతున్నారు. దూరం నుంచి ఆ కంప్యూటర్ తెరని తెరిచి వాడుకునే మామూలు విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌లో ఒకసారికి ఒక్కరికే చోటు. విండోస్ సర్వర్‌లో అయినా అడ్మిన్ పనికని ఇద్దరిని రానిస్తుంది, అంతకు మించితే విడిగా లైసెన్సు కొనాలి. అందుకని టైములు పంచుకున్నాం. అక్కడే దెబ్బ తిన్నాం.

చిత్తూరు వాడు సాయంత్రం బేరింగ్‌ని 6207 నుంచి 6208కి మార్చాడు. అంటే షాఫ్టు 35 మిల్లీమీటర్ల నుంచి 40కి, హౌసింగ్ 72 నుంచి 80కి. హౌసింగ్ డ్రాయింగ్ అప్పుడే పీడీఎఫ్ తీసి గ్రూపులో పెట్టాడు. మదనపల్లె వాడి దగ్గర షాఫ్టు ఫైలు పాత కాపీ ఉంది. రాత్రి తన టైములో కీవే గాడి గీసి, దాన్నే అదే పేరుతో ఫోల్డర్‌లో పడేశాడు. 40 పోయి మళ్ళీ 35 వచ్చింది. ఎవరం గమనించలేదు.

లేత్ షాపులో మేస్త్రీ కొత్త బేరింగ్‌ని షాఫ్టుకి తొడిగితే వదులు గాజులా వేలాడింది. ఆయన షాఫ్టుని ఒకసారి తిప్పి చూసి, "తీసేసిన ఇనుము మళ్ళీ రాదు సామీ, ఇంకో కమ్మీ తెచ్చుకోండి" అన్నాడు. రివ్యూకి అప్పటికి ఆరు రోజులే ఉంది. ఆ టెన్షన్ నాకిప్పటికీ గుర్తే.

ఆ రాత్రే పద్ధతి మార్చాం. ఒక్కో పార్టుకి ఒక్కరే యజమాని, మిగతావాళ్ళకి చూడటం వరకే అనుమతి. షాఫ్టు వ్యాసం, సెంటర్ ఎత్తు లాంటి పది కొలతలు ఒక్క ఫైలులో ఉంచి పార్టులన్నీ వాటిని అక్కడి నుంచే తీసుకునేలా చేశాం. కొలత మారిస్తే ముందు గ్రూపులో చెప్పాలి. కంపెనీల్లో దీనికి పీడీఎం సాఫ్ట్‌వేర్ వాడతారు: ఫైలు చెక్ అవుట్ చేస్తే తిరిగి పెట్టేదాకా ఇంకొకరు మార్చలేరు. అది లేకపోయినా ఈ క్రమశిక్షణ ఉంటే చాలావరకు గట్టెక్కుతారు.

ఇక నువ్వు అద్దెకు తీసుకునే కంప్యూటర్ నిజంగా ఉండే డేటా సెంటర్ ఎక్కడుందో చూసుకో. రేటు తక్కువని మేం మొదట అమెరికాలో తీసుకున్నాం. మౌస్ కదిపాక మోడల్ తిరగడానికి పావు సెకను దాకా పట్టేది, ఎడ్జ్ పట్టుకోవడమే నరకం. ముంబైకి మార్చాక హాయి. నెట్ స్పీడు కన్నా ఈ ఆలస్యమే ముఖ్యం, ఎందుకంటే నీ దగ్గరికి వచ్చేది తెర బొమ్మ మాత్రమే. ఇలా కంప్యూటర్లు అద్దెకిచ్చే అమెజాన్ వాళ్ళకి ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నుంచి సెంటర్లున్నాయి. గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్ అక్కడ దొరుకుతుందో లేదో ముందు చూసుకో. కార్డు ఉన్నా రిమోట్ డెస్క్‌టాప్ దాన్ని వాడుకోకపోవచ్చు, సెట్టింగ్ మార్చాల్సి వస్తుంది.

బిల్లు గురించి ఒక్క మాట. విండో మూసినంత మాత్రాన కంప్యూటర్ ఆగదు. గంగమ్మ జాతరకని అందరం వెళ్ళిపోయిన రోజుల్లో మాది నడుస్తూనే ఉంది, నలుగురం చందాలేసుకుని కట్టాం. ఆపినా డిస్కు అద్దె పడుతూనే ఉంటుంది. ఆటోమేటిక్‌గా ఆగేలా షెడ్యూల్ పెట్టు. మీ స్టూడెంట్ లైసెన్సు క్లౌడ్‌లో వాడనిస్తుందో లేదో కూడా చదువుకో.

సాలిడ్‌వర్క్సే కావాలన్న పట్టు మీ గైడ్‌కి లేకపోతే ఆన్‌షేప్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ చూడు. బ్రౌజర్‌లోనే నడుస్తుంది, నలుగురూ ఒకే మోడల్‌ని ఒకేసారి దిద్దొచ్చు, పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్ళొచ్చు. ఉచిత ప్లాన్‌లో మీ డిజైన్ అందరికీ కనబడుతుంది, పేటెంట్ ఆలోచన ఉంటే అది వద్దు.

ఏది తీసుకున్నా ముందు ఒక గంటకే తీసుకో. మీ అసెంబ్లీలో బరువైన పార్టు ఒకటి ఎక్కించి, శ్రీకాళహస్తి అమ్మాయిలా ఫోన్ హాట్‌స్పాట్ మీద ఉన్నవాళ్ళ చేత తిప్పించి చూడు. వాళ్ళకి బాగుంటే నెల మొత్తానికి మాట్లాడుకో.