సముద్రపు రొయ్యను అమెరికా ఎందుకు కొనడం లేదు? డబ్ల్యూటీవో (ప్రపంచ వాణిజ్య సంస్థ)లో కేసు మనమే గెలిచాం కదా?

మీ నాన్నగారి సోనా బోటులో (యంత్రంతో వల లాగే ట్రాలరు) పట్టిన రొయ్య అమెరికాకు వెళ్ళడం లేదు, పక్కనే చెరువులో పెంచిన వెనామీ మాత్రం కంటైనర్ల కొద్దీ వెళ్తోంది, కేసు గెలిచాక కూడా ఈ నిషేధం ఎలా చెల్లుతుంది అని అడిగారు. నేను కాకినాడ వైపు రొయ్యల ప్లాంటులో ఎగుమతి కాగితాలు చూస్తాను. మా మేనమామలు బోటు మీద బతికినవాళ్ళు. రెండు వైపుల మాటలూ వింటూనే ఉంటాను కాబట్టి తెలిసింది రాస్తున్నాను.

ముందు ఆ కేసు సంగతి. గెలిచామన్నది సగమే నిజం.

సముద్రపు తాబేళ్ళకు ప్రాణహాని కలిగేలా పట్టిన రొయ్యను దేశంలోకి రానివ్వకూడదని అమెరికా 1989లో చట్టం చేసింది. సెక్షన్ 609 అంటారు. మొదట దాన్ని కరీబియన్, పశ్చిమ అట్లాంటిక్ దేశాలకే పెట్టి, వాళ్ళకు మూడేళ్ళ గడువిచ్చారు. 1995 చివర్లో అక్కడి కోర్టు అన్ని దేశాలకూ వర్తింపజేయమంది. దాంతో మనకు దొరికిన గడువు 1996 మే 1 వరకు, అంటే నాలుగు నెలలు. ఇండియా, పాకిస్థాన్, మలేసియా, థాయిలాండ్ కలిసి డబ్ల్యూటీవోకు వెళ్ళాయి.

డబ్ల్యూటీవో దేశాల వాణిజ్య ఒప్పందమైన గాట్ 20వ అధికరణంలో, తరిగిపోయే సహజ వనరులను కాపాడుకోవడానికి వ్యాపారంపై ఆంక్షలు పెట్టవచ్చని ఉంది. అది గనులకూ ఖనిజాలకూ సంబంధించిన మాట, ప్రాణులకు కాదు అని మనవాళ్ళు వాదించారు. 1998 అక్టోబరులో వచ్చిన అప్పీలు తీర్పు దాన్ని ఒప్పుకోలేదు. ఏడు జాతుల సముద్ర తాబేళ్ళూ అంతరించే ప్రమాదంలో ఉన్నవాటిగా వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటీస్ ఒప్పందం మొదటి జాబితాలో ఉన్నాయి కదా, అవీ తరిగిపోయేవే అంది. అమెరికా తప్పల్లా అమలు చేసిన తీరులో ఉందని తేల్చింది. కొందరికి మూడేళ్ళు, మనకు నాలుగు నెలలు. లాటిన్ అమెరికా దేశాలతో కూర్చుని ఒప్పందం కుదుర్చుకున్నారు, ఆసియా దేశాలతో అంత శ్రద్ధగా మాట్లాడలేదు. ఆమోదం లేని దేశమైతే, తాబేళ్ళకు హాని లేకుండా పట్టిన రొయ్యనూ తిప్పి పంపారు. అదీ తీర్పులో మనకు దక్కిన భాగం. అమెరికా నిబంధనల్ని సవరించుకుంది, చట్టం అలాగే ఉంచింది. ఇది చాలదని మలేసియా మళ్ళీ వెళితే 2001లో ఓడిపోయింది. మన సముద్రపు రొయ్యపై 2019లో వచ్చిన నిషేధం ఆ చట్టం కిందదే.

చెరువు రొయ్య ఎలా వెళ్తోందంటే, అమెరికాకు పంపే ప్రతి రొయ్యల సరుకుతోనూ డీఎస్-2031 అనే ఫారం పెట్టాలి. రొయ్య ఎక్కడిది, ఎలా పట్టారు అని అందులో గడులుంటాయి. పట్టుబడికి ముందు కనీసం 30 రోజులు చెరువులో ఉన్నదైతే మొదటి గడిలో టిక్కు పెడతాం. మా ప్లాంటులో టిక్కు ఎప్పుడూ అక్కడే పడుతుంది. బోటు లాగే ట్రాల్ వలకు టెడ్ అనే తాబేళ్ళ రక్షణ చట్రం బిగించి పట్టినదైతే దానికి వేరే గడి ఉంది. యంత్రంతో కాకుండా చేత్తో వల లాగి పట్టిన రొయ్యకు ఇంకొకటి. ఆ రెండూ నా చేతి మీద ఒక్కసారి కూడా నిండలేదు.

టెడ్ అంటే తాబేలు తప్పించుకునే చట్రం. వల సంచికి ముందు ఒక లోహపు ఊచల చట్రాన్ని ఏటవాలుగా కుడతారు. ఊచల మధ్య ఎడం నాలుగు అంగుళాలకు మించకూడదు. రొయ్యలు సందుల్లోంచి సంచిలోకి పోతాయి, తాబేలు ఊచలకు తగిలి మూత తోసుకుని బయటపడుతుంది. తాబేలు ఊపిరి తీసుకోవడానికి పైకి రావాల్సిన జీవి. గంటల తరబడి లాగే వలలో చిక్కితే నీళ్ళలోనే చనిపోతుంది. శీతాకాలంలో మన తీరాన కొట్టుకొచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ళ కళేబరాలను చూసిన ఎవరికైనా ఇది కొత్త సంగతి కాదు.

బోటువాళ్ళ బాధ కూడా నిజమే. ప్లాస్టిక్ సంచులు, కొమ్మలు ఊచలకు అడ్డం పడితే మూత తెరుచుకుపోయి, రొయ్య కూడా బయటికి పోతుంది. డీజిలు, ఐసు, కళాసీల బత్తా అన్నీ పెట్టుకున్నాక ఒక్క లాగుడు వృథా అయినా ఓనరు గుండె గుభేలుమంటుంది. ఈ నష్టం ఎవరు భరించాలో తేల్చకుండా టెడ్ పెట్టండి అంటే ఎవరూ పెట్టరు, పెట్టినా నడిసముద్రంలో విప్పేస్తారు.

అయినా దీన్ని అమెరికా పెత్తనం అని మాత్రమే అనడం నాకు ఇష్టం లేదు. ఆలివ్ రిడ్లే మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోనే మొదటి షెడ్యూలులో ఉంది. 1995లో మనం ఆమోదించిన సముద్ర చట్ట ఒప్పందం తీరం నుంచి 200 నాటికల్ మైళ్ళ వరకు చేపల మీద హక్కు ఇచ్చింది. పట్టే చేపతో పాటు దానితో ముడిపడ్డ జీవుల సంగతీ చూసుకోవాలని అదే ఒప్పందం 61వ అధికరణంలో ఉంది. హక్కు మనదంటూ పూచీ మనది కాదనలేం.

మీ నాన్నగారు ఒక్కరే టెడ్ బిగిస్తే పని జరగదు. దేశంలో నిబంధన ఉందా, దాన్ని నిజంగా అమలు చేస్తున్నారా అనే అమెరికా చూస్తుంది. కాబట్టి అడగాల్సింది మీ బోటు ఓనర్ల సంఘం. కొచ్చిలోని సిఫ్ట్ (కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ) మన వలలకు తగ్గట్టు టెడ్ రూపొందించింది. దాన్ని మీ హార్బరు బోట్లలోనే, మీ డ్రైవర్ల చేతనే నడిపించి చూపించమని, ఆ రోజుల్లో తగ్గిన పట్టుబడికి పరిహారం ఇమ్మని మత్స్యశాఖను, ఎంపెడాను (సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ) రాతపూర్వకంగా అడగండి. ఈలోగా యూరప్ దారి తెరిచే ఉంది. అక్కడికి క్యాచ్ సర్టిఫికెట్, అంటే చట్టబద్ధంగా పట్టిన సరుకే అనే ధ్రువపత్రం, కావాలి. బోటు రిజిస్ట్రేషన్, లైసెన్సు, వేటకు వెళ్ళొచ్చిన తేదీలు సరిగ్గా ఉంచుకోండి. ఇవి లేక మంచి సరుకు పక్కన పెట్టాల్సి రావడం నేను చాలాసార్లు చూశాను.