పేవర్ల మీద సీలర్ పాలపొరలా తెల్లబడితే

అమలాపురంలో వాకిటి పేవర్లకు (నేల మీద పరిచే దిమ్మెలకు) వేసిన అక్రిలిక్ సీలర్ (పైన పొర కట్టే రక్షణ పూత) నెల తిరక్కుండానే తెల్లబడిందన్నారు కదండీ. చాలావరకు అది తడి పనే. డెల్టాలో భూగర్భజలం పైపైనే ఉంటుంది. ఆ చెమ్మ పైకొచ్చి పొర కింద ఇరుక్కుంటుంది.

మీ సీలర్ సాల్వెంట్ (రసాయన ద్రావకం) కలిపిన రకమైతే చల్లటి పొద్దున జైలీన్ అనే ద్రావకాన్ని రోలర్‌తో పల్చగా పూయండి. పొర కరిగి, చెమ్మ వదిలి, మళ్లీ తేటగా ఆరుతుంది. రసాయన ఆవిరిని ఆపే మాస్కు తప్పనిసరి, దగ్గర్లో బీడీ కూడా వెలిగించొద్దు. నీళ్లు కలిపిన రకమైతే పాత పూతను ఊడదీసే స్ట్రిప్పర్‌తో లేపేయాల్సిందే.

మళ్లీ వేసేముందు రెండడుగుల ప్లాస్టిక్ షీటును నాలుగంచులా టేపు వేసి ఒక రోజు ఉంచండి. అడుగున చెమట పడితే ఇంకా ఆరలేదన్నమాట. నన్నడిగితే మన నేలకు లోపలికి ఇంకే సైలేన్-సైలాక్సేన్ రకం సీలరే మేలు. పొర కట్టదు, ఆవిరిని వదిలేస్తుంది. కాకపోతే పాత అక్రిలిక్ పూర్తిగా పోవాలి, లేకపోతే లోపలికి ఇంకదు. మెరుపు మాత్రం రాదండోయ్.