పాత ఏసీలో కొత్త గ్యాస్ పట్టించవచ్చా?

ప్రశ్న: మా స్ప్లిట్ ఏసీ కొని పన్నెండేళ్లయింది. అందులో ఉన్నది ఆర్‌-22 గ్యాస్. ఈమధ్య చల్లదనం తగ్గింది. మెకానిక్ వచ్చి చూసి, ‘ఆ గ్యాస్ ఇప్పుడు సరిగ్గా దొరకడం లేదు, ఆర్‌-32 పట్టిస్తాను, ఇంకా బాగా చల్లబడుతుంది’ అంటున్నాడు. సరేననమంటారా?

జవాబు: వద్దండీ. ఏసీని ఏదో ఒక గ్యాస్‌ను దృష్టిలో పెట్టుకునే తయారుచేస్తారు. కంప్రెసర్, అందులోని ఆయిల్, రాగి గొట్టాలు, కాయిల్ అన్నీ ఆ గ్యాస్ లెక్కకే సరిపోతాయి. ఆర్‌-32 పనిచేసే ఒత్తిడి ఆర్‌-22 కంటే ఒకటిన్నర రెట్లకు పైనే. మీ పాత కాయిల్, కంప్రెసర్ అంత ఒత్తిడి కోసం చేసినవి కావు.

ఆయిల్‌తో మరో చిక్కు. ఆర్‌-22 ఏసీల్లో సాధారణంగా మినరల్ ఆయిల్ ఉంటుంది. ఆర్‌-32 దానితో సరిగ్గా కలవదు. గ్యాస్‌తోపాటు బయటికి వెళ్లిన ఆయిల్ తిరిగి కంప్రెసర్‌కు చేరక గొట్టాల్లోనే ఉండిపోతుంది. ఆయిల్ అందని కంప్రెసర్ ఎంతోకాలం నిలవదు. పైగా ఆర్‌-32కు కొద్దిగా మండే గుణం ఉంది. దానికోసం తయారైన ఏసీలో ఆ జాగ్రత్తలు ముందే తీసుకుంటారు, మీ దాంట్లో అవి ఉండవు.

‘అయితే ఆర్‌-290 వేద్దాం’ అని ఎవరైనా అంటే ఇంకా గట్టిగా వద్దనండి. అది ప్రొపేన్, ఇట్టే మండే గ్యాస్. ఒత్తిడి ఆర్‌-22కు దగ్గరగా ఉంటుంది, మినరల్ ఆయిల్‌తోనూ కలుస్తుంది, కాబట్టి ఏసీ చక్కగా నడుస్తున్నట్టే కనిపిస్తుంది. నాకు భయం వేసేది అక్కడే. లీకైన గ్యాస్‌కు చిన్న నిప్పురవ్వ తగిలినా చాలు.

ఓజోన్ పొరకు హాని చేస్తుంది కాబట్టే 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద ఆర్‌-22ను దశలవారీగా తగ్గిస్తున్నారు. దొరకడం కష్టమన్న మాట నిజమే కావచ్చు. అయినా ముందు లీకు ఎక్కడుందో పట్టించండి. మీ మోడల్‌కు పనికొచ్చే ప్రత్యామ్నాయ గ్యాస్ ఏదైనా ఉందేమో తయారీ కంపెనీనే అడగండి. కాయిలో కంప్రెసరో పోయి ఉంటే మాత్రం దానిమీద డబ్బు పెట్టకుండా కొత్తది కొనుక్కోవడమే మేలు.

ప్రశ్న: మా ఇన్వర్టర్ ఏసీకి ఏటా వేసవికి ముందు గ్యాస్ టాపప్ చేయిస్తున్నాం. అవసరమేనా?

జవాబు: గ్యాస్ పెట్రోల్‌లాగా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. ఏటా తగ్గుతోందంటే లీకు ఉన్నట్టే. చాలాసార్లు అది గొట్టాలు బిగించే ఫ్లేర్ నట్ దగ్గరే ఉంటుంది. నట్ చుట్టూ జిడ్డుగా నూనె మరక కనిపిస్తే అనుమానించండి. సబ్బునీళ్లు రాస్తే బుడగలు వస్తాయి.

లీకు మూశాక నైట్రోజన్‌తో ఒత్తిడి పెట్టి పరీక్షించాలి. ఆక్సిజన్ అస్సలు వాడకూడదు, ఆయిల్‌తో కలిస్తే పేలుతుంది. తర్వాత వాక్యూమ్ పంప్‌తో గాలి, తేమ లాగేయాలి. లోపల ఇంకా ఎంత ఒత్తిడి మిగిలిందో చూపే వాక్యూమ్ మీటర్ 500 మైక్రాన్లకు దిగి అక్కడే నిలవాలి. ఆర్‌-32, ఆర్‌-410ఏ ఏసీల్లో వాడే ఆయిల్ తేమను ఇట్టే పీల్చుకుంటుంది, అందుకే ఈ పని ఎగ్గొట్టనివ్వకండి. చివరికి సిలిండర్‌ను త్రాసు మీద పెట్టి, అవుట్‌డోర్ యూనిట్ స్టిక్కర్ మీద రాసినన్ని గ్రాములే ఎక్కించాలి. త్రాసు తీసుకురాని మెకానిక్‌తో నేనైతే గ్యాస్ పట్టించను.

ప్రశ్న: గదిలో గ్యాస్ లీకైతే ప్రమాదమా?

జవాబు: ఇది గాలికంటే బరువు, నేల దగ్గర చేరుతుంది. మూసిన చిన్న గదిలో ఎక్కువ లీకైతే ఊపిరాడదు. కిటికీలు తెరిచి బయటికి వచ్చేయండి. అగరుబత్తితో సహా నిప్పేదీ వెలిగించొద్దు, మంట తగిలితే ఈ గ్యాస్‌లు విషవాయువులుగా మారతాయి. ద్రవరూపంలో చేతిమీద పడితే చర్మం గడ్డకడుతుంది. రుద్దకుండా గోరువెచ్చని నీళ్లలో ఉంచి డాక్టర్‌కు చూపించండి.