పాత పెన్షన్ కోసం ఎమ్మెల్యే గడప తొక్కవచ్చా?

ప్రశ్న: మా వారు కానిస్టేబులుగా పనిచేస్తున్నారు. 2004 సెప్టెంబరుకు ముందే వెలువడిన నోటిఫికేషన్ ద్వారా పరీక్ష రాసి ఎంపికయ్యారు. ఉద్యోగంలో చేరేసరికి ఆ తేదీ దాటిపోయిందని సీపీఎస్‌లో (జీతంలోంచి వాటా కోసే కొత్త పెన్షన్ పథకం) వేశారు. ఇక్కడి పోలీసు కుటుంబాల వాళ్లమంతా కలిసి ఎమ్మెల్యేను, ఎమ్మెల్సీని పాత పెన్షన్ అడగాలనుకుంటున్నాం. దానివల్ల మా వారి ఉద్యోగానికి ఇబ్బంది వస్తుందా? ఏమని అడగాలి?
– ఒక పాఠకురాలు, కర్నూలు జిల్లా

జవాబు: అమ్మా, ముందుగా మీ భయం సంగతి చెబుతాను, ఎందుకంటే అది ఊరికే పుట్టిన భయం కాదు. రాజ్యాంగం 33వ అధికరణం ఇచ్చిన అధికారంతో పార్లమెంటు 1966లో చేసిన చట్టం పోలీసుల హక్కులకు కొన్ని పరిమితులు పెట్టింది. దాని ప్రకారం పోలీసు ఉద్యోగి అనుమతి లేకుండా కార్మిక సంఘంలోగాని, రాజకీయ సంఘంలోగాని చేరకూడదు, అటువంటివారు పెట్టే సభల్లో, ప్రదర్శనల్లో పాల్గొనకూడదు, తన సర్వీసు గోడును పత్రికలకు చెప్పుకోకూడదు. ఉల్లంఘిస్తే రెండేళ్ల వరకు జైలు, 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఈ చట్టం ఉద్యోగికి వర్తిస్తుంది, భార్యకు కాదు. పౌరురాలిగా, ఓటరుగా మీ శాసనసభ్యుడికి వినతిపత్రం ఇచ్చే హక్కు మీకు పూర్తిగా ఉంది.

అయితే ఆచరణలో ఈ గీత అంత స్పష్టంగా ఉండదు. 2024 అక్టోబరులో తెలంగాణ ప్రత్యేక పోలీసు బెటాలియన్ల కానిస్టేబుళ్ల భార్యలు డ్యూటీల విషయమై రోడ్డెక్కారు. ఆ ఆందోళన బెటాలియన్లలోకీ పాకడంతో 39 మందిని సస్పెండు చేశారు, మరో పదిమందిని ఉద్యోగం నుంచే తొలగించారు. అందువల్ల మీరు వెళ్లేటప్పుడు మీ వారు వెంట రాకూడదు, యూనిఫాం ఉన్న ఫొటో ఏదీ వాట్సాప్ గ్రూపుల్లో తిరగకూడదు. పైగా ప్రవర్తనా నియమాల ప్రకారం ఉద్యోగి తన సర్వీసు ప్రయోజనం కోసం బయటివారి చేత ఒత్తిడి తేకూడదు. కనుక మీ కాగితంలో ఏ ఒక్కరి పేరూ, నంబరూ ఉండవద్దు. కోరిక ఆ నోటిఫికేషన్‌లో ఎంపికైన వారందరి తరఫునా ఉండాలి. గుర్తింపు పొందిన పోలీసు అధికారుల సంఘం ఎలాగూ ఉన్నతాధికారుల ద్వారా ప్రభుత్వానికి రాయగలదు. సర్వీసు ముగించిన వారి మీద 1966 చట్టం ఆంక్షలు లేవు కాబట్టి, మీ వీధిలో రిటైరైన హెడ్ కానిస్టేబులు ఎవరైనా ఉంటే ఆయన్ను ముందు పెట్టుకోండి.

ఇక ఏమని అడగాలన్నది. నా ఉద్దేశంలో చాలా వినతులు దెబ్బతినేది ఇక్కడే. ఒకసారి ఒక శాసనసభ్యుడి క్యాంపు కార్యాలయంలో గంటసేపు కూర్చున్నాను. వచ్చిన ప్రతి బృందమూ శాలువా కప్పి, ఫొటో దిగి, కాగితం చేతిలో పెట్టి వెళ్లింది. సాయంత్రానికి శాలువాలు ఒక కుర్చీ మీద, కాగితాలు రబ్బరు బ్యాండు చుట్టి ఇంకో కుర్చీ మీద చేరాయి. ఆయన సహాయకుడు ఆ కట్టలోంచి ఒక్కటే తీసి విడిగా పెట్టాడు. అది ఒక్క పేజీ, అందులో జీవో నంబరు, తేదీ, ఎంతమందికి వర్తిస్తుందో, ఏ వాక్యం మార్చాలో రాసి ఉన్నాయి. సభలో అడగడానికి పనికొచ్చే కాగితం అదేనని ఆ సహాయకుడు నాతో అన్నాడు.

“సీపీఎస్ రద్దు చేయాలి” అన్నది లక్షలాది ఉద్యోగుల కోరిక. అది న్యాయమైనదే, కానీ మీది అంతకన్నా చిన్నది, గట్టిది; రెంటినీ కలిపితే చిన్నది పెద్దదానిలో మునిగిపోతుంది. పాత పద్ధతిలో 33 ఏళ్ల అర్హ సర్వీసుకు చివరి బేసిక్‌లో సగం పెన్షన్, దానిపై కరువు భృతి వస్తాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవారికి మాత్రం బేసిక్, డీఏల మీద 10 శాతం కోసి మార్కెట్‌లో పెడుతున్నారు. మీకు ఆధారం కేంద్రం 2023 మార్చి 3న ఇచ్చిన మెమో. కొత్త పెన్షన్ విధానాన్ని ప్రకటించిన 2003 డిసెంబరు 22 కంటే ముందు నోటిఫై అయిన పోస్టుల్లో ఆ తరువాత చేరిన కేంద్ర ఉద్యోగులకు అది పాత పెన్షన్‌కు మారే అవకాశం ఒకసారికి కల్పించింది. చేరిన తేదీని కాక, నోటిఫికేషన్ తేదీని లెక్కలోకి తీసుకోవాలన్న ఈ సూత్రాన్నే రాష్ట్రంలోనూ పాటించమని అడగండి.

డబ్బు సంగతి తప్పకుండా అడుగుతారు. రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్ పాత పెన్షన్‌కు మళ్లినప్పుడు, అప్పటికే జమైన నిధిని రాష్ట్రాలకు తిరిగి ఇచ్చే వీలు చట్టంలో లేదని కేంద్రం చెప్పిన మాట శాసనసభ్యులు విని ఉంటారు. దానికీ ఆ మెమోలోనే దారి ఉంది: ఉద్యోగి వాటా అతని జీపీఎఫ్‌కు (సాధారణ భవిష్య నిధి ఖాతాకు), ప్రభుత్వ వాటా ప్రభుత్వ ఖాతాకు జమ చేయాలని అందులో రాశారు. ఆ పేరా కాపీ జతచేయండి.

సొంతంగా బిల్లు పెట్టమని మాత్రం ఎమ్మెల్యేను అడగవద్దు. ఖజానా నుంచి ఖర్చయ్యే బిల్లును గవర్నరు సిఫారసు లేనిదే సభ ఆమోదించడానికి 207వ అధికరణం ఒప్పుకోదు. ఆయన చేయగలిగిన పని వేరే ఉంది: నక్షత్రం గుర్తు ప్రశ్న వేసి ఆర్థిక మంత్రి నుంచి జవాబు రాబట్టడం, హోం శాఖ పద్దుపై చర్చలో మాట్లాడటం. అందుకని బడ్జెట్ సమావేశాలకు కనీసం నెల ముందే వెళ్లండి. మండలిలో ఉపాధ్యాయ ఎమ్మెల్సీలను తప్పక కలవండి. సీపీఎస్ లెక్కలు వారికి కొట్టిన పిండి.

ప్రశ్న: నేను రిటైరైన ఏఎస్సైని. సర్వీసులో ఉన్నప్పటి వైద్య, ప్రమాద బీమాలు విరమణ తరువాతా కొనసాగేలా ఎమ్మెల్యేలు చేయగలరా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: అది ఆ బీమా దేనిమీద నిలిచి ఉందన్నదాన్ని బట్టి ఉంటుందండీ. ఆరోగ్య భద్రత పోలీసుల నెలవారీ చందాతో నడిచే ట్రస్టు. దాని నిబంధనల మార్పు కోసం ముందు పోలీసు ప్రధాన కార్యాలయానికే రాయాలి. జీతం ఖాతాతో వచ్చే ప్రమాద బీమా బ్యాంకుతో చేసుకున్న ఒప్పందం మాత్రమే, గడువు తీరితే షరతులు మారవచ్చు. పెన్షన్ ఖాతాలకూ దాన్ని వర్తింపజేయమని, ఒప్పందం పునరుద్ధరణకు ముందే సంఘం ద్వారా కోరండి. పెన్షనర్ల ఈహెచ్ఎస్ (ఉద్యోగుల ఆరోగ్య పథకం) ప్రభుత్వ ఉత్తర్వుతో నడిచేది కనుక శాసనసభ్యుడి మాట ఎక్కువగా పనికొచ్చేది అక్కడే. ఆసుపత్రి ఆ కార్డు మీద చేర్చుకోకపోతే, కారణాన్ని కాగితం మీద రాసిమ్మని అడిగి, తేదీతో సహా దాన్ని మీ వినతికి జతచేయండి.