భూమిలోకి పంపిన కార్బన్ డయాక్సైడ్ ఒక రాత్రి పైకొచ్చి ఊరిని చంపేస్తుందా?

1986లో కామెరూన్‌లోని న్యోస్ సరస్సు నుంచి వచ్చిన ఈ వాయువుకే దాదాపు 1,700 మంది పోయారు కదా, గాలిలో కలవకుండా దాన్ని భూమిలో దాస్తే అదే జరగదా అని మీరు అడిగారు. అలా జరగదండి. అక్కడ వాయువు సరస్సు అడుగు నీళ్లలో కరిగి ఉండి, ఒక్కసారిగా పైకి పొంగింది. దాచేటప్పుడు మాత్రం 800 మీటర్లకు పైగా లోతున, ఇసుకరాయి సందుల్లోకి పంపుతారు. పైన బంకమట్టి గట్టిపడి ఏర్పడిన బిగువైన రాయి పొర మూతలా ఉంటుంది. నార్వే దగ్గర స్లైప్నర్‌లో 1996 నుంచి ఇలాగే దాస్తున్నారు.

నా పెద్ద భయం రాయి గురించి కాదు, మనం పొడిచే బొక్కల గురించి.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాసు బావి అంటుకున్నప్పుడు నాకు తొమ్మిదేళ్లు. 65 రోజులు మండింది. అది సహజ వాయువు, కాబట్టి మండింది. లక్షల ఏళ్లు కింద ఊరుకున్న ఆ గ్యాసు, బావి తవ్వాకే దారి చూసుకుంది. పెద్దయ్యాక నేనూ ఆ బావుల పనిలోనే పడ్డాను, లాగింగ్‌లో. బావి గోడకు ఆనించి దించే కేసింగ్ పైపు వెనక సిమెంటు పట్టిందో లేదో శబ్దం పంపి చూస్తాం. పట్టిన చోట శబ్దం అణిగిపోతుంది, ఖాళీ ఉంటే పైపు గంటలా మోగుతుంది. ఒక పాత బావిలో కాగితాల ప్రకారం అంతా బాగానే ఉంది. మా గ్రాఫులో మాత్రం నలభై మీటర్ల పొడవున పైపు మోగింది. కార్బన్ డయాక్సైడ్ నీటితో కలిస్తే ఆమ్లమై సిమెంటునూ ఇనుమునూ మెల్లగా తింటుంది. ఇక అక్కడ ఎంత టెన్షన్ పడాలో చూడండి.

రెండో భయం, లోపలికి నెట్టే వాయువు ఒత్తిడి. అల్జీరియాలోని ఇన్ సలాలో 2004 నుంచి పంపుతుంటే పైన నేల ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు ఉబ్బింది. ఉపగ్రహం పట్టేసింది. మూతరాయి మీద అనుమానంతో 2011లో ఆపేశారు. ఈ వాయువును మోసే పైపులైనునూ మరవకండి: 2020లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో సటార్షియా ఊరి దగ్గర వానలకు నేల జారి పైపు తెగితే 45 మంది ఆసుపత్రి పాలయ్యారు. ఆక్సిజన్ అందక కార్ల ఇంజన్లు ఆగిపోయాయి. ఈ వాయువు గాలి కంటే బరువు, పల్లంలో నిలుస్తుంది.

మా కోనసీమలో పెడతామంటే మాత్రం నేను ముందు పాత బావుల మ్యాపు అడుగుతాను. ఎన్ని ఉన్నాయి, ఎప్పుడు మూశారు, ఆ సిమెంటును మళ్లీ ఎవరైనా పరీక్షించారా అని. అది చూపించకపోతే రాయి ఎంత గట్టిదైనా నేను ఒప్పుకోను.