క్షత్రపుడి పైన ఎవరున్నారు?

చిరంజీవికి,

నీ నవల మొదటి మూడు అధ్యాయాలూ చదివాను. శాతవాహనుల వైపు కథ హాయిగా సాగుతోంది. చిక్కల్లా అవతలి పక్షంతోనే, అంటే పడమటి దేశాన్ని ఏలిన శక క్షత్రపులతోనే. క్షత్రపుడంటే గవర్నర్ అని ఎక్కడో చూసినట్టున్నావు. పాపం వాళ్ల రాజు రుద్రదాముడు ఎవరో చక్రవర్తి ఆజ్ఞ కోసం టెన్షన్‌తో ఎదురుచూస్తున్నాడు!

అర్థం తప్పేమీ కాదు. పాత పారశీకంలో ఆ మాటకి రాజ్యాన్ని కాపాడేవాడని అర్థం. మన ‘క్షత్రియ’లో ఉన్న క్షత్రకి అది దగ్గరి చుట్టమే. ఇరాన్‌లోని బెహిస్తూన్ కొండ మీద పారశీక చక్రవర్తి మొదటి డేరియస్ చెక్కించిన శాసనంలో, ఇప్పటి అఫ్గానిస్తాన్ వైపున్న బాక్ట్రియాను చూసే దాదర్షికి ఈ బిరుదే ఉంది, ‘నా సేవకుడు’ అన్న మాటతో సహా. అక్కడ అతను నిక్కచ్చిగా రాజుగారి ఉద్యోగి.

నీ కథ నడిచేది ఆ తర్వాత ఆరు వందల ఏళ్లు దాటాక. గుజరాత్‌లో ఉన్న, క్రీ.శ. 150 నాటి జునాగఢ్ శాసనం ముందేసుకుని కూర్చో. మహాక్షత్రప అనే పేరు తనంతట తానే సంపాదించుకున్నానని రుద్రదాముడు అందులో చెప్పుకున్నాడు. దక్షిణాపథపతి శాతకర్ణిని రెండుసార్లు ఓడించి కూడా, దగ్గరి బంధుత్వం ఉందని వదిలేశానన్నాడు. (ఇంత మంచి ఘట్టాన్ని వదిలేసి ఉత్తుత్తి చక్రవర్తిని ఎందుకు తెచ్చావయ్యా?) ఆయన నాణేల మీద మహాక్షత్రపతో పాటు రాజు అన్న మాటా ఉంటుంది.

పైగా ఆ క్షత్రపుడి కిందే ఒక గవర్నర్ ఉన్నాడు. పహ్లవుడైన (ఇరాన్ జాతివాడైన) సువిశాఖుడు, ఇప్పటి గుజరాత్‌లోని ఆనర్త సురాష్ట్రాలు చూసేవాడు. శాసనం అతన్ని అమాత్యుడంటుంది. మార్గశీర్షంలో గాలివానకి జునాగఢ్ దగ్గరి సుదర్శన తటాకం కట్ట తెగింది. గండి 420 మూరల పొడవు, 75 మూరల లోతు. ఇంత పెద్ద గండి పూడ్చడం అయ్యే పని కాదని మంత్రులు చేతులెత్తేశారు. జనం గగ్గోలు పెట్టారు. చివరికి సువిశాఖుడు పూనుకుని కట్టించాడు. కొత్త పన్నులూ వెట్టిచాకిరీ లేకుండా సొంత ఖజానాలోంచే ఖర్చు పెట్టానని రుద్రదాముడి మాట.

నీ మూడో అధ్యాయాన్ని ఆ గట్టు మీదకి మార్చు. బిరుదుకి అర్థం చెప్పే పేరా తీసెయ్. డబ్బు అడిగేదెవరు, కాదనేదెవరు, సరే అనేదెవరు అన్నది సంభాషణల్లో తెలిస్తే చాలు. ఫుట్‌నోట్లు అసలే వద్దు.

తిరగరాశాక పంపు. ఈసారి కాస్త పెద్ద అక్షరాల్లో.

ఆశీస్సులతో.