ప్రాణం మీదికి వచ్చాక కోర్టు కాగితం కావాలా?

ప్రశ్న: మా చెల్లెలికి ఇరవై రెండో వారంలో ఉమ్మనీరు పోయి, చలిజ్వరం మొదలైంది. బిడ్డ దక్కదని డాక్టరే చెప్పారు. అయినా గుండె కొట్టుకుంటోందని, 20 వారాలు దాటాయని, కోర్టు ఉత్తర్వు లేనిదే అబార్షన్ చేయలేమని అన్నారు. భర్త, అత్తమామల సంతకాలూ అడిగారు. మరో ఆసుపత్రికి తీసుకెళ్లి ఆమెను బతికించుకున్నాం. చట్టం నిజంగా అలాగే ఉందా?

జవాబు: లేదు. మీ చెల్లెలు గండం గట్టెక్కినందుకు సంతోషం. ఆ డాక్టరు చెప్పిన వారాల లెక్క చట్టంలో ఉన్నదే. 1971 నాటి ఎంటీపీ చట్టం (వైద్యపరంగా గర్భం తొలగించే చట్టం) ప్రకారం, 2021 సవరణ తరువాత, 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. అత్యాచార బాధితులు, మైనర్లు వంటి కొన్ని వర్గాలవారికి 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో చేయవచ్చు. పిండంలో తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు నిర్ధారిస్తే వారాల పరిమితే లేదు.

ఆ డాక్టరు అదే చట్టంలోని సెక్షన్ 5 వరకు వెళ్లలేదు. తల్లి ప్రాణం కాపాడటానికి గర్భం వెంటనే తొలగించక తప్పదని డాక్టరు సద్బుద్ధితో భావిస్తే, వారాల పరిమితి గానీ, రెండో డాక్టరు అభిప్రాయం గానీ, అనుమతి పొందిన ఆసుపత్రి అన్న షరతు గానీ అడ్డురావు. ప్రసూతి వైద్యంలో ప్రత్యేక అనుభవం ఉండాలన్న నియమం కూడా అక్కడ వర్తించదు. ఇది 1971 నుంచీ ఉన్న సెక్షనే. ఆ నిర్ణయాన్ని చట్టం జడ్జికి ఇవ్వలేదు, మంచం పక్కన నిలబడిన డాక్టరుకు ఇచ్చింది.

డాక్టర్ల భయం నాకు తెలియనిది కాదు. గర్భస్రావం చేయించడం భారతీయ న్యాయ సంహిత 88వ సెక్షన్ కింద నేరం. అయితే తల్లి ప్రాణం కాపాడటానికి సద్బుద్ధితో చేసినదాన్ని ఆ సెక్షనే మినహాయించింది. సద్బుద్ధి అంటే తగిన శ్రద్ధతో, జాగ్రత్తతో చేయడం. జ్వరం ఎంత, నాడి ఎంత, రక్తపరీక్షలో ఏం తేలింది, ఆగితే ఏ ముప్పు ఉంది అన్నవి సమయంతో సహా కేసు షీటులో రాస్తే, డాక్టరుకు అంతకు మించిన రక్షణ ఏముంటుంది?

ఆగితే ఏమవుతుందో 2012లో ఐర్లండ్ చూసింది. సవితా హలప్పనవర్ అనే భారతీయ దంతవైద్యురాలికి 17వ వారంలో గర్భం నిలవదని తేలింది. పిండం గుండె కొట్టుకుంటోందని అక్కడి వైద్యులు అబార్షన్ చేయలేదు. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి ఆమె చనిపోయింది. అక్కడి చట్టం నిజంగానే వైద్యుల చేతులు కట్టేసింది. 2018లో ప్రజలు ఓటు వేసి ఆ రాజ్యాంగ నిబంధననే తీసేశారు. మన చట్టంలో ఆ కట్టు లేదు. లేని కట్టును మనమే వేసుకుంటే ఎలా?

ఇక సంతకాల సంగతి. పద్దెనిమిదేళ్లు నిండి, మానసిక అనారోగ్యం లేని స్త్రీకి ఆమె సంతకం ఒక్కటే చాలు. భర్తదీ అక్కర్లేదు, అత్తమామలదీ అక్కర్లేదు. ఇలాంటి అదనపు షరతులు పెట్టవద్దని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న ఇచ్చిన తీర్పులో గట్టిగానే చెప్పింది.

మొదటి ఆసుపత్రిపై ఫిర్యాదు చేయాలనుకుంటే, ముందు మీ చెల్లెలి చేత చికిత్స రికార్డుల కోసం రాతపూర్వకంగా దరఖాస్తు ఇప్పించండి. 72 గంటల్లో ఇవ్వాలన్నది వైద్యుల నియమావళిలోనే ఉంది. అవి చేతికొచ్చాక రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. పరిహారం కోరాలనుకుంటే రెండేళ్లలోగా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి.